పలకా, కాగితమా: ఓసీఆర్ లాగ్‌లో చేరిన చెత్త అక్షరాల డైరీ

జూన్ 14, శనివారం, నల్లకుంట

పొద్దున్నే మాస్టారి ఫోన్. "అమ్మా, నీ ప్రోగ్రాం రాత్రంతా ఏదో రాసిపెట్టింది. ఒక్క ముక్క చదవడానికి రావట్లేదు. తీరిక ఉన్నప్పుడు ఓసారి వచ్చి చూడు." ఆయన తీరిక ఉన్నప్పుడు అన్నారంటే అర్జెంటని అర్థం. చిక్కడపల్లిలో ఆటో పట్టుకుని టిఫిన్ వేళకల్లా వెళ్ళాను.

కొత్తగా చదివేవాళ్ళ కోసం సంగతి చెప్తాను. మాస్టారు తెలుగు లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఏళ్ళ తరబడి ఆదివారం ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత పత్రికలను సంపుటాలుగా బైండు చేయించి బీరువాల్లో పెట్టుకున్నారు. వాటిని స్కాన్ చేయడానికి పక్క వీధి కుర్రాడొకడు వస్తాడు. ఆ బొమ్మల్లోంచి అక్షరాలు తీసే (ఓసీఆర్) టూల్ నేను పైథాన్‌లో రాశాను. లోపల అసలు చదివే పని టెసరాక్ట్‌ది. వంకర సరిచేయడం, మరకలు తీయడం, ఫైళ్ళకి పేర్లు పెట్టడం నా కోడ్ చేస్తుంది. లినక్స్ ఎక్కించిన పాత ల్యాప్‌టాప్ ఒకటి హాల్లో ఉంటుంది. రాత్రి పదింటికి క్రాన్ (చెప్పిన వేళకి ప్రోగ్రాంలు మొదలుపెట్టేది) దాన్ని పనిలో పెడుతుంది, తెల్లవారుజామున నాలుగింటికి ముగుస్తుంది. ఏం చేసిందో రాసుకునే లాగ్ ఫైలు షేర్డ్ ఫోల్డర్‌లో పడుతుంది. మాస్టారు తన విండోస్ 7 డెస్క్‌టాప్‌లో నోట్‌ప్యాడ్‌తో దాన్ని తెరిచి చూసుకుంటారు.

ఇవాళ ఆయన స్క్రీన్ మీద ఉన్నది ఇదీ:

పేజీ 117/312 చదువుతున్నాను |□[కెపేజీ 117/312 చదువుతున్నాను /□[కెపేజీ 117/312 చదువుతున్నాను -□[కెపేజీ 117/312

ఇలా కిందికి స్క్రోల్ చేస్తున్నకొద్దీ వస్తూనే ఉంది. తెరుచుకోవడానికే నోట్‌ప్యాడ్ చాలాసేపు తీసుకుంది. సైజు చూస్తే 14 ఎంబీ. ల్యాప్‌టాప్ దగ్గర కూర్చుని లైన్లు లెక్కపెట్టమంటే డబ్ల్యూసీ కమాండ్ చెప్పిన సంఖ్య 9.

ఎందుకు 14 ఎంబీ అయిందో లెక్క కట్టాను. పని నడుస్తోందని తెలియడానికి గిరగిరా తిరిగే గీత ఒకటి పెట్టాను, సెకనుకి పదిసార్లు మారుతుంది. ఆరు గంటలంటే 21,600 సెకన్లు, అంటే 2,16,000 సార్లు. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో తెలుగుకి ఒక్కో కోడ్ పాయింట్ (అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ) 3 బైట్లు. నా వాక్యం, దాని ముందు క్యారేజ్ రిటర్న్ (వరస మొదటికి వెళ్ళమనే కోడ్), వెనక ఎస్కేప్ కోడ్ (మిగిలిన లైను చెరపమనేది) అన్నీ కలిపితే 66 బైట్లు. గుణిస్తే 1,42,56,000. సరిగ్గా అదే.

మూడు వారాలుగా ఇలా జరుగుతుంటే నేను ఎందుకు చూడలేదు? రోజూ చూశాను. నా ఇంటి నుంచి లాగిన్ అయి టెర్మినల్లో (కమాండ్లు టైప్ చేసే కిటికీ) క్యాట్ కమాండ్‌తో ఫైలు తెరిచేదాన్ని. ఎంతో పొందికగా కనిపించేది. టెర్మినల్ ఆ కోడ్‌లను మళ్ళీ పాటిస్తుంది కదా, రాసినదాన్ని చెరుపుకుంటూ పోయి చివరి వాక్యం మాత్రం మిగులుస్తుంది. క్యాట్‌కి మైనస్ వి (కనపడని కోడ్‌లను గుర్తులుగా చూపించే ఆప్షన్) తగిలిస్తే అప్పుడు బయటపడింది. వాక్యానికి ముందు «^ఎం», వెనక «^[[కె». ఇంగ్లీషు అక్షరమాలలో ఎం 13వది, క్యారేజ్ రిటర్న్ నంబరూ 13, అందుకని ఆ గుర్తు. 26 అక్షరాలూ అయిపోయాక కంప్యూటర్ అక్షరాల పట్టికలో వచ్చేది చదరపు బ్రాకెట్, ఎస్కేప్ నంబర్ 27. లాగ్ చూడాలంటే ఇకమీదట ఉత్త క్యాట్ వాడను.

జూన్ 15, ఆదివారం

రాత్రి నిద్ర పట్టలేదు. అసలు టెన్షన్ చెత్త గురించి కాదు. ఏదైనా పేజీ చదవలేకపోతే ఆ సంగతి కూడా అదే లైన్లో చెప్పేలా రాశాను. "పేజీ 119 చదవలేకపోయాను" అని రాసి, కొత్త లైన్ వేయకుండా వదిలేశాను. సెకనులో పదో వంతు తర్వాత గీత మళ్ళీ తిరుగుతుంది, దాని మీద రాసేస్తుంది. ఎదురుగా కూర్చుని చూసినవాళ్ళకి కూడా కనపడదు.

గ్రెప్‌తో ఆ మాట వెతికితే దొరికింది, కానీ మళ్ళీ టెర్మినల్ దాన్ని చెరిపేసి వేరే వాక్యం చూపించింది. దొరికీ కనపడలేదు. చివరికి టీఆర్ కమాండ్‌తో ప్రతి క్యారేజ్ రిటర్న్‌నీ లైన్ ఫీడ్‌గా (కొత్త లైన్ కోడ్) మార్చి, ఎస్కేప్ కోడ్‌లు తీసేసి, అప్పుడు వెతికాను. నిన్నటి సంపుటంలో రెండు పేజీలు: 119, 204. పాత లాగ్‌లన్నీ ఇలాగే జల్లెడ పట్టాను. మొత్తం 41 పేజీలు. మూడు వారాలుగా అన్నీ చదివేసిందనుకుంటున్నాం. ఆ పేజీల టెక్స్ట్ ఫైళ్ళు ఖాళీగా ఉన్నాయి.

ఎస్కేప్ కోడ్‌లు తీసేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఎక్కడ చూసినా దొరికే చిట్కా రంగుల కోడ్‌లను, అంటే చిన్న ఎం అక్షరంతో ముగిసేవాటిని మాత్రమే తీసేస్తుంది. లైను చెరిపే కోడ్ కె తో ముగుస్తుంది, కర్సర్‌ని పైకి జరిపేది ఎ తో, దాచేది ఎల్ తో. ఈ కోడ్‌ల గురించిన ఈసీఎంఏ-48 అనే ప్రమాణం మొదటి కూర్పు 1976లోనే వచ్చింది. అందులో నియమం స్పష్టంగా ఉంది: ఎస్కేప్, చదరపు బ్రాకెట్, మధ్యలో అంకెలూ గుర్తులూ, చివర 64 నుంచి 126 లోపు ఒక బైటు. ఆ నియమం ప్రకారం వెతికితే ఈ రకం కోడ్ ఏదీ తప్పించుకోదు.

సాయంత్రం మాస్టారికి ఫోన్ చేసి 41 పేజీల సంగతి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "లిస్టు రాసి పంపు. కుర్రాడి చేత మళ్ళీ తీయిద్దాం" అన్నారు.

జూన్ 18, బుధవారం

ఆఫీసు నుంచి వచ్చేసరికి తొమ్మిది. గంటన్నర కూర్చున్నాను.

మొదటి మరమ్మతు: రాసేది టెర్మినల్‌లోకా, ఫైల్లోకా అని ప్రోగ్రాం అడగాలి. దానికి ఈజ్‌ఎటీటీవై అనే ఫంక్షన్ ఉంది. అవునంటే గీత తిరుగుతుంది, కాదంటే 25 పేజీలకో మామూలు లైన్, టైముతో సహా. పేజీ చదవలేకపోతే ఎక్కడైనా సరే దానికి సొంత లైన్. కోడ్ మార్పులు భద్రపరిచే గిట్ కూడా స్టాండర్డ్ ఎర్రర్ (ప్రోగ్రాం తన సందేశాలు పంపే దారి) టెర్మినల్ అయితేనే ప్రోగ్రెస్ చూపిస్తుంది. ఫైళ్ళు డౌన్‌లోడ్ చేసే డబ్ల్యూగెట్ అయితే టెర్మినల్ కానప్పుడు బార్ మానేసి చుక్కలు పెడుతుంది. పాతకాలం నుంచీ అందరూ చేస్తున్న పనే, నేను ముందే చేయాల్సింది.

జూన్ 21, శనివారం, నల్లకుంట

ఇవాళ జరిగింది వివరంగా రాసుకోవాలని ఉంది.

క్యారేజ్ రిటర్న్ అంటే ఏమిటని మాస్టారు అడిగారు. టెలిటైప్ గురించి మొదలుపెట్టాను. 1963 నాటి మోడల్ 33 లాంటి యంత్రాల్లో అచ్చువేసే తలను మొదటికి తెచ్చేది ఒక కోడ్, కాగితాన్ని ఒక వరస పైకి జరిపేది ఇంకో కోడ్ అని చెప్తున్నాను. ఆయన మధ్యలోనే లేచి లోపలికి వెళ్ళి, కుర్రాడి చేత తెలుగు టైప్‌రైటర్ మోయించుకుని వచ్చారు. బట్ట కప్పి ఉంది. రిబ్బన్ ఎండిపోయినా అచ్చు పడుతోంది.

తెల్లకాగితం ఎక్కించి ఒక వరస కొట్టారు. ఎడమ పక్కనున్న మీట లాగితే బండి మొదటికొచ్చింది, దాంతోపాటు రోలరు తిరిగి కాగితం పైకి జరిగింది. "ఇది నీ రెండు కోడ్‌లూ కలిసి చేసే పని, అవునా?" అన్నారు. అవునన్నాను. ఈసారి మీట ముట్టుకోకుండా, పక్కనున్న పట్టు వదిలించి, బండిని చేత్తో కుడివైపుకి తోసి మళ్ళీ మొదటి నుంచి కొట్టారు. అక్షరాల మీద అక్షరాలు పడ్డాయి. మూడోసారి. నాలుగోసారి. ఆ వరస నల్లటి పట్టీలా అయిపోయింది, కింద కాగితమంతా తెల్లగా ఉంది.

కాగితం బయటికి లాగి నా చేతిలో పెట్టారు. "నీ టెర్మినల్ పలక లాంటిదమ్మా. చెరిపి రాసుకోవచ్చు. ఫైలు కాగితం. కాగితం మీద పడింది ఎక్కడికీ పోదు."

నాలుగు రోజులుగా నేను కోడ్‌లో రాస్తున్న షరతు ఇదే. ఇంటికి రాగానే ఆ ఫంక్షన్ పేరు మార్చి "పలకేనా" అని పెట్టాను. పైథాన్‌లో పేర్లు తెలుగు లిపిలో పెట్టుకోవచ్చు, ఏ ఇబ్బందీ రాలేదు. మూడు నెలల తర్వాత కోడ్ తెరిచినా దాని పనేమిటో నాకు వెంటనే గుర్తొస్తుంది.

ఆ టైప్‌రైటర్ ఇంకో సంగతి కూడా చూపించింది. కొన్ని మీటలు కొడితే అచ్చు పడుతుంది గానీ బండి కదలదు. గుణింతాలూ ఒత్తులూ పక్క అక్షరం మీదో కిందో కూర్చోవాలి కాబట్టి అలా చేశారు. నేను నా కోడ్‌లో దీన్నే మర్చిపోయాను. స్క్రీన్ వెడల్పు 80 గళ్ళయితే వాక్యాన్ని 80 దగ్గర కత్తిరించమని రాశాను, కానీ లెక్కపెట్టింది కోడ్ పాయింట్లని. "పుస్తకం" అనే మాటలో కంటికి కనపడేవి మూడక్షరాలు. పైథాన్ లెక్కలో 7. ప, కొమ్ము, స, పొల్లు, త, క, సున్న. అందుకని కొన్ని ఫైలు పేర్లు మధ్యలో తెగి, చివర ఒంటి పొల్లు వేలాడుతూ కనిపించేది. దీనికి తారకమంత్రం ఏమీ లేదు. గుణింతాలకు సున్నా గడి అని లెక్కగట్టే లైబ్రరీలు ఉన్నాయి, కానీ ఒక్కో టెర్మినల్ తెలుగుని ఒక్కోలా పరుస్తుంది. కత్తిరింపు తక్కువైతే వాక్యం రెండో వరసకి పారుతుంది. అప్పుడు క్యారేజ్ రిటర్న్ ఆ రెండో వరస మొదటికే వెళ్తుంది గానీ పై వరసకి వెళ్ళదు, స్క్రీన్ నిండా మెట్లు మెట్లుగా పేరుకుపోతుంది. నా నిర్ణయం ఇది: మారే లైన్లో ముందు అంకెలు, తర్వాత ఒక చిన్న తెలుగు మాట, అంతే. ఫైలు పేరు అందులో ఉండదు. 40 గళ్ళు దాటదు కాబట్టి కత్తిరించే అవసరమే రాదు.

జూన్ 22, ఆదివారం

మరమ్మతు సరిపోలేదు. కుర్రాడు పొద్దున టూల్‌ని చేత్తో నడిపాడు, అవుట్‌పుట్ టీ కమాండ్‌లోకి (స్క్రీన్ మీదా, ఫైల్లోనూ రెండు చోట్లా రాసేది) పంపుతూ. స్క్రీన్ మీద ఏమీ కదలకపోయేసరికి బిగుసుకుపోయిందనుకుని, ఆపేయడానికి రెండుసార్లు కంట్రోల్-సీ కొట్టాడు. మరోపక్క, నేను ప్రోగ్రెస్‌ని మాత్రమే ఫైల్లోకి మళ్ళించి చూస్తే అందులో అదే పాత చెత్త.

కారణం దొరికాక చాలా చిన్నది. ప్రోగ్రెస్ రాస్తున్నది స్టాండర్డ్ ఎర్రర్‌లోకి. టెర్మినలా కాదా అని అడిగింది స్టాండర్డ్ అవుట్‌పుట్‌ని (ఫలితాలు పోయే దారి). టీ వాడినప్పుడు అవుట్‌పుట్ పైపులోకి పోతుంది, ఎర్రర్ ఇంకా స్క్రీన్ మీదే ఉంటుంది. రెండో సందర్భంలో తలకిందులు. ఏ దారిలో రాస్తున్నామో ఆ దారినే అడగాలి. ఒక్క పదం మార్పు.

దాంతోపాటు మరో మూడు చిన్న పనులు అయ్యాయి. ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నది పైథాన్ 3.8. దానిలో స్టాండర్డ్ ఎర్రర్‌ని ఫైల్లోకి మళ్ళిస్తే, రాసినది బఫర్ (రాసేది తాత్కాలికంగా ఉంచే చోటు) నిండేదాకా ఆగుతుంది (3.9 నుంచి లైను లైనుకీ పడుతుంది), కాబట్టి ప్రతి లైన్ తర్వాత ఫ్లష్ పెట్టాను. టెర్మినల్ రకం చెప్పే టెర్మ్ వేరియబుల్ విలువ డంబ్ (ఈ కోడ్‌లు తెలియనిది) అని ఉంటే గీత తిప్పడం మానేస్తుంది. కంట్రోల్-సీ కొట్టినా సరే, పోయేముందు కర్సర్‌ని మళ్ళీ చూపించి పోతుంది. పాపం ఆ కుర్రాడి టెర్మినల్లో పొద్దున్నుంచీ కర్సర్ లేదు. రీసెట్ అని టైప్ చేయించాను, వచ్చింది.

స్కానింగ్ ఫైళ్ళను కాపీ చేసే ఇంకో స్క్రిప్ట్‌కి మాత్రం సొంతంగా ఏమీ రాయకుండా టీక్యూడీఎం అనే ప్రోగ్రెస్ లైబ్రరీ పెట్టాను. డిసేబుల్ అనే ఆప్షన్‌కి నన్ అని ఇస్తే, టెర్మినల్ కాని చోట అదే ఊరుకుంటుంది. ఆ పేరు అరబీ మాట తఖద్దుమ్ నుంచి వచ్చింది, ముందుకు సాగడం అని అర్థం. మాస్టారికి చెప్తే ముఖం వెలిగిపోయింది. చిన్నప్పుడు బడిలో ఉర్దూ చదివారట. "మా దగ్గర తఖద్దుమ్ అంటే ముందు వరసలో ఉండటం" అన్నారు.

జూన్ 28, శనివారం

ఈ వారం నేను చేసిన తప్పు పెద్దది. రాయాలి.

పాత లాగ్‌లను శుభ్రం చేయడానికి చిన్న ఫంక్షన్ రాశాను. ప్రతి అక్షరాన్నీ పైథాన్‌లోని ఈజ్‌ప్రింటబుల్‌తో అడుగుతుంది: నువ్వు అచ్చులో కనపడతావా? కాదన్నవాటిని పారేస్తుంది. క్యారేజ్ రిటర్న్, ఎస్కేప్, బెల్ అన్నీ పోయాయి. బాగా పనిచేస్తోంది కదా అని గురువారం రాత్రి టెక్స్ట్ ఫైళ్ళ మీద కూడా నడిపాను. వాటిలో మాస్టారు చేత్తో దిద్దిన ఫైళ్ళు ఉన్నాయి.

శుక్రవారం ఆయన ఫోన్ చేశారు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "అమ్మా, నేను 'హైదరాబాద్‌లో' అని దిద్దిన చోటల్లా 'హైదరాబాద్లో' అని వస్తోంది. నా కళ్ళు పాడయ్యాయా?"

కళ్ళు పాడవలేదు. పొల్లు తర్వాత వచ్చే అక్షరం ఒత్తుగా మారకుండా మధ్యలో ఒక కనపడని గుర్తు పెడతాం. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, కోడ్ 200సి. దానికి రూపం లేదు, వెడల్పు లేదు. ఈజ్‌ప్రింటబుల్ దాన్ని కూడా కాదంటుంది. ఇంగ్లీషు టెక్స్ట్ మీద ఆ ఫంక్షన్ నడిపితే ఎవరికీ తేడా తెలియదు. తెలుగులో మాట విరిగిపోతుంది. "సాఫ్ట్‌వేర్" "సాఫ్ట్వేర్" అవుతుంది, "పోస్ట్‌కార్డు" "పోస్ట్కార్డు" అవుతుంది. ఆయన మూడు వారాలు కూర్చుని ఒక్కొక్కటీ దిద్దుకున్నవి.

బుధవారం నాటి కాపీ పెన్‌డ్రైవ్‌లో ఉంది కాబట్టి బతికాం. గురువారం దిద్దిన ఆరు పేజీలు మాత్రం ఇవాళ ఆయన పక్కన కూర్చుని నేనే మళ్ళీ దిద్దాను. ఆయన చదువుతుంటే నేను టైప్ చేశాను. మధ్యలో వాన, ఓ అరగంట కరెంటు పోయింది, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడిపాం.

ఆ ఫంక్షన్‌ని తిరగరాశాను. యూనికోడ్ కంట్రోల్ అని ముద్ర వేసినవి మొత్తం 65 మాత్రమే: 0 నుంచి 31 దాకా, 127, తర్వాత 128 నుంచి 159 దాకా. మన కనపడని గుర్తు వాటిలో లేదు, దాని వర్గం వేరు, ఫార్మాట్ అంటారు. ముందు ఎస్కేప్ కోడ్‌లను పూర్తిగా తీసేయాలి. లేకపోతే 27 ఒక్కటే పోయి «[కె» మిగిలిపోతుంది. తర్వాత ఆ 65లో ట్యాబ్‌నీ లైన్ ఫీడ్‌నీ ఉంచి మిగతావి తీసేయాలి. ఇది లాగ్ ఫోల్డర్ మీద తప్ప నడవకుండా దారి కూడా కట్టేశాను. పరీక్ష కోసం ఒక చిన్న ఫైలు పెట్టాను, అందులో మొదటి మాట "హైదరాబాద్‌లో". ఆ మాట చెక్కుచెదరకుండా బయటికి రాకపోతే టూల్ అసలు మొదలవదు.

కనపడనిదంతా చెత్త అనుకోవడం తెలుగు టెక్స్ట్ విషయంలో ఎంత ప్రమాదమో ఇన్నేళ్ళుగా తెలుగు ఫైళ్ళతో పనిచేస్తూ కూడా నాకు తట్టలేదు. ఇలాంటి శుభ్రం చేసే కోడ్ ఎవరు రాస్తున్నా, దయచేసి ఒక్క తెలుగు వాక్యం దాని మీద నడిపి చూడండి.

జూలై 5, శనివారం, నల్లకుంట

వారం రోజుల లాగ్‌లు చూశాను. నిన్న రాత్రిది 18 లైన్లు, రెండు కేబీ కూడా లేదు. మైనస్ వి పెట్టి చూసినా «^ఎం» ఒక్కటీ లేదు.

అయితే మాస్టారి నోట్‌ప్యాడ్‌లో ఆ 18 లైన్లూ ఒకే లైనుగా అతుక్కుని కనిపించాయి. 2018లో మార్చేదాకా నోట్‌ప్యాడ్‌కి ఉత్త లైన్ ఫీడ్ కొత్త లైనుగా తెలిసేది కాదు, దానికి క్యారేజ్ రిటర్న్ కూడా తోడుండాలి. మూడు వారాలుగా నేను ఏరిపారేస్తున్న 13వ నంబరే ఆయనకి కావాలి. షేర్డ్ ఫోల్డర్‌లోకి పోయే కాపీలో ప్రతి లైన్ చివరా రెండూ పెట్టించాను. టైప్‌రైటర్ మీట ఒక్క లాగుకి చేసే రెండు పనులూ ఉంటేనే ఆ పాత నోట్‌ప్యాడ్‌లో లైన్ మారుతుంది.

41 పేజీల్లో 38 మళ్ళీ స్కాన్ చేసి చదివించాం. 119వ పేజీ మూల మడత పడి ఉంది, అందుకే చదవలేకపోయింది. మాస్టారు తడిబట్టతో అద్ది, పుస్తకాల కింద రెండు రోజులు పెట్టి సాపు చేశారు. పాఠకుల ఉత్తరాల పేజీ అది. సగం ఉత్తరం ముందు పేజీలో ఉంది, మిగతా సగం ఇప్పుడు దొరికింది.

ఆయన లాగ్‌ని ప్రింటు తీసుకుంటున్నారు ఇప్పుడు. 18 లైన్లే కాబట్టి ఒక్క కాగితంలో సరిపోతుంది. ఇవాళ్టి దాంట్లో పన్నెండో లైన్: "పేజీ 57 చదవలేకపోయాను." దాని పక్కన ఎర్ర సిరాతో సున్నా చుట్టి కుర్రాడికి ఇచ్చారు. వాడు సంపుటం తెరిచి 57వ పేజీ దగ్గర చీటీ పెట్టాడు.